ఓడలకు చోటు చూసే ఆవిడ

ఆవిడ ఏం ఉద్యోగం చేశారో సొంత ఊళ్లో ఎవరికీ సరిగ్గా తెలియదన్న సంగతి ఆవిడ పోయిన రోజునే నాకు తెలిసింది.

సెలవు మీద అల్లవరం వచ్చి ఉన్నాను. ఆదివారం పొద్దున్న మా నాన్న పెరట్లో వల బాగుచేసుకుంటుంటే పక్కన కూర్చుని టీ తాగుతున్నాను. ఫోన్ మోగింది. ఆవిడ చెల్లెలు గారు. అక్కచెల్లెళ్ళిద్దరూ పెళ్ళి చేసుకోలేదు. రాజోలు అవతల తండ్రి కట్టించిన చిన్న డాబాలో కలిసి ఉండేవారు.

“అక్క పోయిందండి,” అన్నారు. “చర్చికని చీర కట్టుకుని, చెప్పులేసుకోడానికి అరుగు మీద కూర్చుందండి. ఇంక లేవలేదు. సాయంత్రం తీసుకెళ్తారు. మీకు చెప్పాలనిపించింది.”

నాన్న వల మీంచి తలెత్తి “ఎవర్రా?” అన్నాడు. చెప్పాను. చేతిలో దారం పక్కన పెట్టేసి, “నేనూ వస్తాను,” అన్నాడు.

మేం వెళ్ళేసరికి ఇంటి ముందు షామియానా వేశారు. చర్చి వాళ్ళు పాటలు పాడుతున్నారు. ఆవిడని చూసి వచ్చి కుర్చీలో కూర్చుంటే, మంచినీళ్ళు ఇస్తున్న ఒక పెద్దావిడ నా దగ్గర ఆగింది.

“తమరు ఆవిడతో ఓడల్లో పనిచేసేరా అండీ?”

“ఓడల్లో కాదండి, ఓడరేవులో. ఏ ఓడ ఎక్కడ ఆగాలో ఆవిడ చూసేవారు.”

“బస్టాండులో ఫలానా బస్సు ఫలానా ప్లాట్‌ఫారం మీద అని మైకులో చెప్తారు, అలాగానా అండీ?”

“ఆయ్, దగ్గర దగ్గర అలాగేనండి.”

“అంతేనా అండీ,” అందావిడ, కొంచెం నిరాశపడినట్టు. “కెప్టెనేమో అనుకున్నామండి మేము.”

ఇంతకంటే బాగా చెప్పాల్సింది. చావింట్లో, చేతిలో గ్లాసుతో, ఎంతని చెప్పగలను? ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

కంటైనర్లు దిగే రేవులో జెట్టీ పొడవు ఇంత అని ఉంటుంది. అది పెరగదు. బయట సముద్రంలో మాత్రం ఓడలు వచ్చి లంగరేసుకుని నిలబడుతూనే ఉంటాయి. ఏది ముందు లోపలికి రావాలి, జెట్టీకి ఏ కొసన ఆగాలి, దాని మీద ఎన్ని క్రేన్లు పనిచేయాలి, నీళ్ళు పెరిగే ఏ పోటు మీద అది బయల్దేరిపోవాలి, ఖాళీ అయిన చోటులోకి ఏది రావాలి, ఇవన్నీ ముందే కుదుర్చుకోవాలి. క్రేన్లన్నీ ఒకే పట్టాల మీద నడుస్తాయి కనక ఒకదాన్ని దాటి ఒకటి పోలేదు. ఈ చివరిది ఆ చివర కావాలంటే మధ్యలో ఉన్నవన్నీ జరగాలి. ఒక ఓడ తన పని ముగించుకోవడంలో వెనకబడితే దాని వెనక వారం రోజుల పాటు అందరి పనీ చెదిరిపోతుంది. ఆ సర్దుబాటంతా ఆవిడ పని. నేను ఆ క్రేన్లలో ఒకదాని మీద ఆపరేటర్ని.

నాకు ఆవిడ మొహం కంటే ముందు గొంతు పరిచయం. కొబ్బరిచెట్టు మీద కొబ్బరిచెట్టు నిలబెట్టినంత ఎత్తులో ఉంటుంది మా క్యాబిన్. కాళ్ళ కింద అద్దం. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక్కణ్ణీ కూర్చుని, కింద ఓడ మీద తిరిగే మనుషులు చీమల్లా కనిపిస్తుంటే పిడులు గట్టిగా పట్టుకుని కూర్చునేవాణ్ణి. అప్పుడు రేడియోలో ఒక ఆడగొంతు వచ్చింది.

“పైన గాలి ఎలా ఉందండీ?”

గాలివేగం చెప్పే మీటరు ఆవిడ ముందున్న తెర మీద కూడా కనిపిస్తుంది. నాకా సంగతి తెలుసు. అందుకని మీటరులో ఉన్న అంకె చదివాను.

“అది నాకూ కనపడతోందండి. మీకెలా ఉందో చెప్పండి.”

“కొంచెం ఊగుతోందండి,” అన్నాను.

“ఆయ్. అలాగైతే కొంచెం నెమ్మదిగానే కానివ్వండి. ఓడ ఎక్కడికీ పోదు.”

మా వైపు వాళ్ళ ఆ ‘ఆయ్’ విన్నాక ఆగలేకపోయాను. “మీదే ఊరండీ?” అని అడిగేశాను.

“రేడియోలో ఊళ్ళడక్కూడదండి,” అందా గొంతు. కాసేపు గరగర. తర్వాత మెల్లగా, “రాజోలు అవతల,” అంది.

రేడియోలో ‘ఆయ్’ అనకూడదని, అందరికీ అర్థమయ్యేలా ‘రోజర్’ అనాలని పైవాళ్ళు ఒకసారి ఆవిడకి చెప్పారు. మర్నాటి నుంచి ఆవిడ ‘రోజరండి’ అనడం మొదలుపెట్టారు. అండీ లేకుండా ఆవిడ నోట మాట వచ్చేది కాదు. ఊడ్చే అమ్మాయికీ అండీయే, మా పైఅధికారికీ అండీయే. ఇద్దరికీ ఒకే బరువుతో అనేవారు. పైఅధికారికి అది నచ్చేది కాదేమోనని నాకు అనుమానం.

కాంటీన్లో ఆవిడ ఎదురుగా కూర్చోవడం ఒక సరదా. పనసపొట్టు కూర తెచ్చేవారు, అందరికీ పెట్టేవారు. తింటూ తింటూ ఎడమచెయ్యి బల్ల అంచున బారుగా ఆనించేవారు. అంటే అది జెట్టీ అన్నమాట. కూరడబ్బా మూత ఒక ఓడ, కళ్ళజోడు పెట్టె ఒక ఓడ, అరటిపండు ఇంకోటి. కుడిచేతి వేలితో ఒక్కోదాన్నీ మెల్లగా తోసుకొచ్చి ఆ చేతికి ఆనించేవారు. ఎవరో చూసుకోకుండా అరటిపండు తీసి వలవబోతే, “అది రేపు పొద్దున్న పోటు మీద వెళ్ళాలండి, అప్పుడు తినండి,” అన్నారు. నవ్వలేదు. ఆవిడ నవ్వించేవారే గాని నవ్వేవారు కాదు.

క్రేన్ క్యాబిన్‌లోకి ఆవిడ ఎప్పుడూ ఎక్కలేదు. కళ్ళు తిరుగుతాయట. మీటరు ఉండగా మమ్మల్ని గాలి ఎందుకు అడుగుతారని ఒకసారి అడిగాను. “మా తాతగారు కొబ్బరితోటల్లో చెట్లెక్కి దింపు తీసేవారండి,” అన్నారు. “కింద నిలబడ్డ ఆసామి, ఏం గాలి లేదు, ఎక్కరా అనేవాడట. ఎక్కినాక తెలిసేది ఆయనకి. దిగొస్తే కూలి లేదు. దిగకపోతే ఏమవుతుందో ఆయనకే తెలియాలి. నేనిప్పుడు కింద కూర్చుని ఉన్నాను కదండీ. అందుకని అడుగుతాను.”

గాలి వల్లే ఆవిడ ఉద్యోగ జీవితం మలుపు తిరిగింది.

ఆ మధ్యాహ్నం జెట్టీకి పెద్ద ఓడ ఒకటి ఆని ఉంది. మా రేవుకి ఎక్కువ పని ఇచ్చే కంపెనీ ఓడ. నిండా బరువెక్కి ఉంది కనక సాయంత్రం పోటు మీదే కదలాలి, లేకపోతే మళ్ళీ పోటు దాకా ఆగాలి. దాని చోటు కోసం బయట ఇంకో ఓడ కాచుకుని ఉంది. ఆ రోజు షిఫ్టు బాధ్యత కూడా ఆవిడదే. ఓడ మీద పని చివరికొచ్చింది. అప్పుడు ఈదురుగాలులు రావచ్చని వాతావరణం వాళ్ళ నుంచి హెచ్చరిక వచ్చింది. దక్షిణాన మబ్బు నల్లగా దిగి ఉంది. మీటరు మాత్రం మామూలుగానే ఉంది.

“పైన ఎలా ఉందండీ?” అని రేడియోలో అడిగారు.

“గాలి ఆగిపోయిందండి. బొత్తిగా లేదు,” అన్నాను.

ఈదురుగాలికి ముందు ఒక్కోసారి గాలి అలా స్తంభించిపోతుందని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఆవిడ అన్ని క్రేన్లకీ కలిపి చెప్పారు. “పని ఆపండి. చేతులు పైకెత్తి, పిన్నులేసి, అందరూ దిగిపోండి. ఓడ మీద వాళ్ళని కూడా దించేయండి.”

క్రేన్ చెయ్యి అంటే ఓడ మీదికి చాచి ఉండే పొడవాటి దూలం. దాన్ని పైకెత్తి, క్రేన్‌ని పట్టాల మీద కదలకుండా ఇనుప పిన్నులతో నేలకి బిగించాలి. నేను దిగి, సంతకం పెట్టడానికి ఆవిడ గదికి వెళ్లేసరికి మా పైఅధికారి అక్కడే నిలబడి ఉన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. చెమటలు పడుతున్నాయి ఆయనకి.

“మీటరు ఇంకా లిమిట్ లోపే ఉంది కదా మేడమ్. ఒక్క గంట చాలు, ఓడ వెళ్లిపోతుంది.”

“క్రేన్లు సర్ది బిగించడానికే చాలాసేపు పడుతుందండి. గాలి మీటరులోకి వచ్చాక దిగమంటే మావాళ్ళు ఇంకా పైనే ఉంటారండి.”

“రాకపోతే?”

“రాకపోతే నాది పొరపాటండి,” అన్నారావిడ.

గాలి రాలేదు.

మేమంతా రెస్ట్‌రూమ్ కిటికీ దగ్గర నిలబడి చూశాం. మబ్బు సముద్రం మీదికి జరిగి జరిగి, మా కళ్ళ ముందే పలచబడిపోయింది. బట్టలారేసుకునేంత ఎండ కాసింది. ఎవడో నవ్వాడు. నాకూ ఆవిడ మీద కోపం వచ్చింది, ఎందుకో చెప్పలేను. మన ఊరి మనిషి అందరిలో పలచనైపోయిందన్న కోపం కావచ్చు. మళ్ళీ క్రేన్లు విప్పి పని ముగించేసరికి పోటు దాటిపోయింది. ఓడ ఆగిపోయింది. బయటున్న ఓడ బయటే ఉండిపోయింది. కంపెనీ వాళ్ళు ఘాటుగా రాశారు. ఆ నెల తిరక్కుండానే ఆవిడని ఆ సీట్లోంచి తీసి, గేటు దగ్గర లారీల విభాగానికి మార్చారు.

చాలా రోజుల తర్వాత గేటు దగ్గరికి వెళ్లి కలిశాను. లోపలికొచ్చే లారీలు దుమ్ము రేపుకుంటూ బారులు తీరి ఉన్నాయి. ఆవిడ చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఒక డ్రైవరుకి, “మీరు కొంచెం వెనక్కెళ్తే ఆయన బయటపడతారండి, ఆయన పడితే మీరూ పడతారు,” అని చెబుతున్నారు.

“అక్కగారూ, మీరు పైకి రాసుకోవాల్సిందండి,” అన్నాను. “హెచ్చరిక వచ్చింది కదా. మీ తప్పేముంది?”

“గాలి రాలేదుగా తమ్ముడుగారూ. పొరపాటేనండి.”

“మళ్ళీ అలాంటి మబ్బే వస్తే?”

“మళ్ళీ దించేస్తానండి,” అన్నారు, ఇందులో ఆలోచించడానికి ఏముందన్నట్టు. తర్వాత అడిగారు, “ఇప్పుడు నా సీట్లో కూర్చుంటున్నాయన గాలి అడుగుతున్నారా అండీ మిమ్మల్ని?”

లేదని చెప్పాను. ఆవిడ తల ఊపి లారీల వైపు తిరిగారు. రిటైరయ్యే వరకూ ఆ గేటు దగ్గరే ఉన్నారు.

ఊరొచ్చాక కూడా ఆవిడ ఊరికే కూర్చోలేదు. చర్చిలో క్రిస్మస్ భోజనాల బంతులు ఆవిడే సర్దేవారు. ఎవర్ని ఎక్కడ కూర్చోపెడితే ముసలివాళ్ళు ముందు లేవగలరో, వడ్డించేవాళ్ళు ఒకరికొకరు అడ్డం పడరో చూసేవారు. చెల్లెలు గారు విసుక్కునేవారు, “మా అక్కకి నలుగురు మనుషులు కనపడితే చాలండి, జరగండి జరగండి అంటుంది,” అని.

కొన్నేళ్ల కిందట వచ్చిన వరదకి ఆవిడ ఊరికి ఎదురుగా గోదావరి మధ్యలో ఉన్న లంక మునిగింది. రెవెన్యూ వాళ్ళు మా వైపు నుంచి పడవలు పిలిపించారు. నేను అప్పుడు కూడా సెలవులో ఉన్నాను. నాన్న ఇంజిన్ పడవ మీద ఇద్దరం వెళ్ళాం. ఈ గట్టున రేవు చిన్నది. లంక నుంచి మనుషుల్ని తెచ్చే పడవలన్నీ ఒకేసారి మెట్ల మీదికి తోసుకొస్తున్నాయి. దిగేవాళ్ళు దిగలేకుండా, చూడవచ్చిన జనం మెట్లనిండా నిలబడ్డారు. రెండు పడవలు ఒకదాన్నొకటి రాసుకుని, ఒకటి పక్కకి ఒరిగింది. పిల్లలు ఏడుపందుకున్నారు.

ఆవిడ గొడుగేసుకుని గట్టు మీద నిలబడి ఉన్నారు. చెప్పులు చేత్తో పట్టుకుని దిగి వచ్చి, రెండు రోజులుగా నిద్ర లేకుండా అక్కడున్న రెవెన్యూ ఆయనతో ఏదో మాట్లాడారు. ఆయన చెయ్యూపాడు, మీ ఇష్టం అన్నట్టు. ఆవిడ కేకెయ్యలేదు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెప్పారు. నిండుగా వచ్చే పడవలు ఎగువ వైపు, ఖాళీగా వెళ్ళేవి దిగువ వైపు. మెట్ల మీద ఎవరూ ఉండొద్దు. వంతు రానివాళ్ళు నది మధ్యలో తిరగకుండా ఆ చెట్ల దగ్గర ఆగాలి. కాసేపట్లో రేవు కుదుటపడింది. అప్పుడు మా నాన్న దగ్గరికి వచ్చారు.

“మీ పడవకే ఇంజిన్ గట్టిదని చెప్పేరండి. మీరు ఇక్కడే, ఖాళీగా ఆగండి.”

“ఖాళీగానా అండీ?” అన్నాడు నాన్న.

“నది మధ్యలో ఎవరి ఇంజినైనా ఆగిపోతే తీసుకురావాలి కదండీ.”

ఆ రోజు జీవితంలో అన్నిటికంటే కష్టపడ్డానని నాన్న ఇప్పటికీ అంటాడు. పొద్దున్నుంచి ఖాళీ పడవలో కూర్చోవడం, గట్టు మీద జనం తిట్టడం. మధ్యాహ్నం లంక రైతు ఒకాయన వచ్చాడు. ఆయన తల్లీ భార్యా అప్పటికే గట్టెక్కారు. ఆయన భుజాల మీద మోసుకొచ్చిన దూడ గట్టు మీద నిలబడి అరుస్తోంది. తల్లి గేదె అవతల పాకలో కట్టేసి ఉంది.

“పడవ ఖాళీగానే ఉంది కదండీ,” అన్నాడాయన ఆవిడతో. “ఒక్క ట్రిప్పండి. తాడేసి పడవ పక్కన ఈదించుకొచ్చేస్తాను.”

“లంకలో ఇంకా మనుషులున్నారండి. వాళ్ళకేమైనా అయితే వెళ్ళడానికి ఇదొక్కటే ఉందండి. ఆఖరి మనిషి గట్టెక్కగానే మొదట మీకే ఇస్తాను.”

“అప్పటికి నీళ్ళు పాక దాకా వచ్చేస్తాయండి.”

ఆయన చేతులు జోడించాడు. గట్టు మీద వాళ్ళు మా నాన్న మీద అరిచారు. నాన్న తాడు విప్పడానికి లేచి, “అక్కా, చటుక్కున వెళ్ళొచ్చేస్తాను,” అన్నాడు.

“వద్దండి,” అన్నారావిడ. నేను ఆవిడ మొహం చూశాను. లంక వైపే చూస్తున్నారు.

ఏ ఇంజినూ ఆగలేదు. ఆఖరివాళ్ళు గట్టెక్కాక ఆ రైతుని ఎక్కించుకుని మేం వెళ్ళాం. పాక కప్పు మాత్రమే కనపడింది. తాడు తెగి ఉంది. చాలా దూరం దిగువకి వెళ్లి వెతికాం. గేదె దొరకలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన పడవ అంచు పట్టుకుని నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు. గట్టున దూడ అరుస్తూనే ఉంది. ఆవిడ అక్కడే, దిగిన మెట్టు మీదే నిలబడి ఉన్నారు. ఆయన ఆవిడని దాటుకుని వెళ్లిపోయాడు.

నీళ్ళు తీశాక నన్ను బండి మీద తీసుకెళ్ళమని అడిగి, బండితో సహా పడవ మీద లంకకి దాటి, ఆవిడ ఆ రైతు ఇంటికి వెళ్ళారు. గోడలకి ఇంకా బురద ఉంది. ఆయన భార్య కుర్చీ వేసినా కూర్చోలేదు.

“పడవ ఉందండి,” అన్నారు. “ఇవ్వద్దన్నది నేనేనండి. మీ గేదె నావల్లే పోయింది.”

ఆయన తలెత్తలేదు. “ఇప్పుడు చెప్పి ఏం లాభమండి.”

“లాభానికి కాదండి. గోదావరి తీసుకెళ్ళిందని మీరు సర్దిచెప్పుకుంటారేమోనని.”

వెనక్కి వచ్చేటప్పుడు నేను ఉండబట్టలేకపోయాను. పడవ ఎందుకు ఆపారో ఆయనకి వివరంగా చెప్పాల్సింది, అర్థం చేసుకునేవాడు అన్నాను.

“చెప్పొచ్చండి,” అన్నారు వెనక సీట్లోంచి. “చెబితే, మీరు చేసిందే రైటండి అని ఆయన అనాల్సొస్తుంది. గేదె పోయినాయన చేత ఆ మాట కూడా అనిపించాలా అండీ?”

సాయంత్రం పెట్టెని భుజాల మీద తీసుకెళ్ళారు. సమాధుల తోట ఊరి చివర, కాలవ పక్కన. పాస్టరు గారు ఆవిడ ఓడరేవులో పెద్ద ఉద్యోగం చేశారని, దేవుని సన్నిధిలో నమ్మకంగా బతికారని చెప్పారు. చెల్లెలు గారు ఏడవలేదు. నలుగురూ గుంట చుట్టూ మూగితే, “కొంచెం జరగండి, వెనకాలవాళ్ళకి కనపడదు,” అని, తన నోట వచ్చిన ఆ మాట తనే విని, అప్పుడు ఏడ్చారు.

జనం వెనక ఒకాయన తెల్లచొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. నాన్న నా మోచెయ్యి తట్టాడు. ఆ లంక రైతు. ఆయనా నాన్నని గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు.

“బావున్నారా అండీ,” అన్నాడు నాన్న.

“ఆయ్, బావున్నానండి.” అన్నాడాయన. “గేదె సంగతి నేను మర్చిపోలేదండి.”

“మర్చిపోమని ఎవరన్నారండీ,” అన్నాడు నాన్న.

“రోడ్డు మీద కనపడితే మొహం తిప్పుకునేవాణ్ణి. ఆవిడే ఆగేవారు. దూడ ఎలా ఉందండీ అని అడిగేవారు. ఎప్పుడు కనపడినా అదే మాటండి. నేను జవాబు చెప్పకుండా వెళ్ళిపోయేవాణ్ణి. మొన్ననే ఇక్కడ, ఈ కాలవ గట్టు మీదే అడిగేరు.”

మట్టి వేసే వరస ముందుకి కదిలింది. నాన్న వేశాడు, నేను వేశాను. మా వెనక ఆయన చెప్పులు విడిచి వచ్చాడు. గుప్పెడు మట్టి తీసుకుని, వెంటనే వేసెయ్యకుండా, గుంట అంచున వంగి, పక్కనున్న మాకు మాత్రమే వినపడేలా చెప్పాడు.

“ఈనిందండి. పెయ్యదూడ.”